వేగానికి లైన్ క్లియర్ ఎవరివ్వాలి?

(పోలీసు వాహనాల డ్రైవర్ల శిక్షణ, వెంబడింపులకు అనుమతి అనే విషయంపై హిజ్లీలో తెలుగు రైల్వే, మోటారు రవాణా కార్మికుల సమావేశంలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి చర్చకు మేము ఎన్నుకున్న విషయం మీలో కొందరికి వింతగా తోచవచ్చును. జీతభత్యాలు, కాంట్రాక్టు పద్ధతి, ఖాళీల భర్తీ వంటి సమస్యలు మన ముందు కుప్పలు తెప్పలుగా పడి ఉన్నవి. అట్టి సమయంలో పోలీసు జీపు నడిపే డ్రైవరు గురించి, అతని శిక్షణ గురించి, ఎవరినైనా వెంబడించేటందుకు అతనికి అనుమతి ఎవరివ్వాలన్న దానిని గురించి మాట్లాడడమేమిటని సభకు ముందు ఒక వృద్ధ సహచరుడు మమ్మల్ని అడిగారు. "మన సమ్మెల మీద లాఠీ ఎత్తినవారి గొడవ మనకెందుకయ్యా?" అన్నారాయన. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం చెప్పిన తరువాతనే ముందుకు పోవలసి ఉన్నది.

మనము సమావేశమైన స్థలం హిజ్లీ. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి ఇక్కడి నిర్బంధ శిబిరంలో నిరాయుధులైన రాజకీయ ఖైదీల మీద కాపలా పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు నేలకొరిగారు. రవీంద్రనాథ్ ఠాకూరు కలకత్తా బహిరంగ సభలో స్వయంగా నిలబడి ఆ దుశ్చర్యను ఖండించారు. ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘం సైతం ఆ విచక్షణలేని కాల్పులకు సమర్థన లేదని తేల్చవలసి వచ్చినది. ఆ భవనంలోనే 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైనది. ఈ చరిత్ర తెలిసిన ఊరిలో ఒక విషయం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. యూనిఫారం తొడిగిన మనిషి చేతికి ఇచ్చిన శక్తికి హద్దు, లెక్క, జవాబుదారీ లేకపోతే సామాన్యుని ప్రాణం పోతుంది. తుపాకి అట్టి శక్తి. రద్దీ రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం కూడ అట్టి శక్తియే. తుపాకి పేల్చేందుకు తర్ఫీదు కావాలని, ప్రతి తూటాకు లెక్క చెప్పాలని అందరూ ఒప్పుకుంటారు. వాహనం విషయంలో మాత్రం తాళపుచెవి చేతికిచ్చి ఊరుకుంటున్నారు.

ఇక రెండవ సంగతి. స్టీరింగు పట్టుకున్న ఆ మనిషి కూడ కూలికి పనిచేసేవాడే. అయితే మనకున్న వెసులుబాటు అతనికి లేదు. పోలీసు బలగాల హక్కులను పరిమితం చేసిన 1966 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వపు ప్రత్యేక అనుమతి లేనిదే పోలీసు ఉద్యోగి కార్మిక సంఘంలో సభ్యుడు కారాదు. తెలుగు రాష్ట్రాలలో పోలీసు వాహనాలను డ్రైవరు కానిస్టేబుళ్లతో పాటు హోంగార్డులు కూడ నడుపుతున్నారు. హోంగార్డు పేరుకు స్వచ్ఛంద సేవకుడు. నెల జీతం కాక రోజువారీ డ్యూటీ భత్యం మీద బ్రతుకుతాడు. నెల రోజుల డ్యూటీకి వచ్చే భత్యం పోలీసు ఉద్యోగి కనీస వేతనానికి తగ్గరాదని సుప్రీంకోర్టు 2015లో చెప్పవలసి వచ్చినదంటే వారి స్థితి ఏమిటో ఊహించుకోవచ్చును. ఇట్టివాడు తన బాధ చెప్పుకోలేడు. రోడ్డు దాటుతూ అతని బండి కింద పడినవాడు అసలే చెప్పుకోలేడు. ఈ ఇద్దరి తరఫున మాట్లాడడం మన పని కాదనుకుంటే మరి ఎవరి పని?

"తొక్కు" అనే ఆజ్ఞ

కొంతకాలం క్రితం, ఊరి పేరు అనవసరం, ఒక విశ్రాంత పోలీసు డ్రైవరు మాతో తన అనుభవం చెప్పుకున్నాడు. లారీ నడిపిన అనుభవం చూసి అతనిని ఖాతాలో చేర్చుకున్నారు. మోటారు ట్రాన్స్‌పోర్టు విభాగంలో బండి శుభ్రం చేయడం, లాగ్ బుక్కు వ్రాయడం, కాన్వాయిలో వరుస తప్పకుండ నడపడం నేర్పారు. సైరన్ వేసుకుని రద్దీలో ఎట్లా పోవాలో, పారిపోయే బండి వెనుక ఎంత దూరంలో ఉండాలో, ఎప్పుడు మానుకోవాలో మాత్రం అతని సర్వీసు మొత్తం మీద ఒక్కరూ నేర్పలేదు. ప్రక్క సీటులో కూర్చున్న అధికారి "తొక్కు" అంటే తొక్కేవాడు. "ఇంకా తొక్కు" అంటే ఇంకా తొక్కేవాడు. ఒకనాటి రాత్రి అట్లా తొక్కుతుండగా జీపు పల్టీ కొట్టినది. అధికారికి చేయి విరిగినది. ఇతని మీద కేసు పెట్టారు. విచారణలో "నీకు అంత వేగంగా పొమ్మని ఎవరు చెప్పారు?" అని అడిగారట. చెప్పినవారి పేరు అతను నోరు విప్పి చెప్పలేదు. చెప్పినా నిరూపించే కాగితం ఏదీ లేదు.

మిత్రులారా, మొత్తం సమస్య ఈ ఒక్క ఉదంతంలో ఇమిడి ఉన్నది. ఆజ్ఞ నోటిమాటగా ఉన్నది, శిక్ష మాత్రం స్టీరింగు పట్టినవాడి మీద పడినది. నేర్పనివాడిని ఎవరూ అడగలేదు, తొక్కమన్నవాడిని ఎవరూ అడగలేదు.

పట్టాల మీద మనము నేర్చిన పాఠం

ఇది ఇట్లాగే ఉండక తప్పదా? తప్పుతుందని చెప్పగలిగినవారు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు. రైలు నడిపేవారికి ఈ ప్రశ్న కొత్త కాదు. మన తాతల కాలంలోనే దీనికి జవాబు దొరికినది.

లోకో పైలట్‌కు ఇంజను నడపడం వచ్చినంత మాత్రాన ఏ మార్గంలోనైనా బండి తీసుకుని పొమ్మని ఎవరూ అనరు. ఆ సెక్షనులోని సిగ్నళ్లు ఎక్కడున్నవో, ఎత్తుపల్లాలు ఎట్లా ఉన్నవో, అక్కడి పని పద్ధతి ఏమిటో అతనికి తెలిసి ఉండాలి. తెలియని భాగం ఉన్నట్లయితే అది తెలిసిన అర్హుడైన ఉద్యోగి సహాయం తీసుకోవాలని 1976 నాటి జనరల్ రూల్స్ చెబుతున్నవి. అంటే "నాకు ఈ రోడ్డు తెలియదు" అని చెప్పడం నేరం కాదు, చెప్పకపోవడమే నేరం. కాంపిటెన్సీ సర్టిఫికేటు, రిఫ్రెషర్ కోర్సు, నిర్ణీత కాలానికి కంటి పరీక్ష మీకు తెలిసినవే. సిగ్నలు కనబడగానే లోకో పైలట్, సహాయకుడు దాని రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకోవాలి. కన్ను చూసినదానిని నోరు పలికితే మనసు మొద్దుబారదని అనుభవం నేర్పినది.

అన్నింటికంటె ముఖ్యమైనది అధికార పత్రం. లైన్ క్లియర్ లేనిదే బండి కదలదు. టోకెను కావచ్చు, సిగ్నలు కావచ్చు, వ్రాతపూర్వకమైన కాగితం కావచ్చు. ఎవరు ఇచ్చారు, ఎన్ని గంటలకు ఇచ్చారు, ఏ షరతుతో ఇచ్చారు అన్నది రిజిస్టరులో ఉంటుంది. వేగం తగ్గించవలసిన చోట కాషన్ ఆర్డరు చేతికిస్తారు. ఎంతటి అధికారి ఇంజనులో ఎక్కి "తొక్కు" అన్నా ఎర్ర సిగ్నలు దాటే హక్కు లోకో పైలట్‌కు లేదు. దాటమనే హక్కు ఆ అధికారికీ లేదు.

ఇంత కట్టుదిట్టం ఉన్నా అనుమతి ఇచ్చే చోట పొరపాటు జరిగితే ఏమగునో మన ఖరగ్‌పూర్ డివిజనులోనే చూచితిమి. 2023 జూన్ 2న బహనాగా బజారు స్టేషను వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆకుపచ్చ సిగ్నలు చూసుకునే గంటకు 128 కిలోమీటర్ల వేగంతో వచ్చినది. సిగ్నలు మెయిన్ లైనుకు ఉన్నది, పాయింటు లూప్ లైనుకు ఉన్నది. ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. సిగ్నలింగ్ సర్క్యూట్లలో మార్పులు చేసేటప్పుడు జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలినది. లోకో పైలట్ తప్పు లేదని చెప్పగలిగినది ఎందువలన? సిగ్నలు ఏమి చూపినదో, వేగం ఎంత ఉన్నదో రికార్డయి ఉన్నది కనుక. ఆ విచారణ చేసిన కమిషనర్ రైల్వే బోర్డు కింద కాక పౌర విమానయాన శాఖ కింద ఉన్నారు కనుక. శిక్షణ, అధికార పత్రం, రికార్డు, స్వతంత్ర విచారణ అనే ఈ నాలుగూ కార్మికుని రక్షించినవి. ఈ నాలుగింటిలో ఆ పోలీసు డ్రైవరుకు ఏది ఉన్నది?

ఆదోని బిడ్డ

ఇక్కడి నుండి మిమ్మల్ని దూరదేశానికి తీసుకుపోక తప్పదు. ఎందువలననగా ఈ విషయంలో తెలుగువారి ఇంట ఆరిన దీపం గురించి ప్రపంచమంతా మాట్లాడుకున్నది.

కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన కందుల జాహ్నవి అమెరికాలోని సియాటిల్ నగరంలో పై చదువు చదువుతున్నది. వయసు 23 సంవత్సరాలు. 2023 జనవరి 23వ తేదీ రాత్రి పాదచారుల గీతల మీద రోడ్డు దాటుతుండగా పోలీసు కారు ఢీకొని మరణించినది. ఆ కారు దొంగను వెంబడించడం లేదు. మాదకద్రవ్యం మోతాదు మించినదన్న పిలుపు మీద పోతున్నది. ఆ వీధిలో పరిమితి గంటకు 25 మైళ్లు, అనగా 40 కిలోమీటర్లు. కారు 74 మైళ్ల వేగాన్ని, అనగా 119 కిలోమీటర్లను అందుకున్నది. సైరన్ ఎడతెగకుండ మ్రోగలేదు, కూడళ్ల వద్ద మాత్రం కొద్దికొద్దిగా మ్రోగించారు.

ఈ అంకెలను మన పద్ధతిలో చూద్దాము. మనిషి ప్రమాదాన్ని కనుగొని బ్రేకు మీద కాలు వేసేందుకు ఒక సెకను పట్టుననుకుందాము. 40 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క సెకనులో బండి 11 మీటర్లు పోతుంది. 119లో 33 మీటర్లు పోతుంది. బ్రేకు పడిన తరువాత ఆగేందుకు కావలసిన దూరం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం మూడింతలైతే ఆ దూరం తొమ్మిదింతలు దగ్గరకు వస్తుంది. రోడ్డు దాటే మనిషి ఎంత దూరంలోని బండిని చూసి అడుగు వేస్తాడు? ఆ వీధిలో మామూలుగా వచ్చే బండి వేగాన్ని మనసులో పెట్టుకుని వేస్తాడు. ఆ లెక్కను పోలీసు కారు తలక్రిందులు చేసినది.

తరువాత ఏమి జరిగినది? స్పృహతో ప్రాణాలను లెక్కచేయలేదని రుజువు చేయజాలమంటూ 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రాసిక్యూటరు క్రిమినల్ అభియోగం మోపేందుకు నిరాకరించారు. నిర్లక్ష్యపు డ్రైవింగుకు 5,000 డాలర్ల జరిమానా నోటీసు ఇచ్చారు. 2025 జనవరిలో ఆ అధికారిని ఉద్యోగం నుండి తొలగించారు. ఇదంతా జరిగేందుకు రెండేళ్లు పట్టినది.

అయితే కార్మిక సంఘీయులమైన మనము తలవంచుకుని వినవలసిన భాగం వేరొకటి ఉన్నది. 2023 సెప్టెంబరులో ఒక రికార్డింగు బయటకు వచ్చినది. సియాటిల్ పోలీసు అధికారుల సంఘానికి ఉపాధ్యక్షుడైన అధికారి ఒకరు, ఆ ప్రమాదం జరిగిన మరునాడు సంఘ అధ్యక్షునితో ఫోనులో మాట్లాడుతూ నవ్వినాడు. ఆ అమ్మాయి ప్రాణానికి పెద్ద విలువేమీ లేదని, ఒక చెక్కు వ్రాసి ఇస్తే సరిపోతుందని అన్నాడు. నష్టపరిహారం విషయంలో న్యాయవాదులు వాదించే తీరును వెక్కిరించానని అతను తరువాత సమర్థించుకున్నాడు. 2024 జూలైలో అతనినీ తొలగించారు. సంఘ నాయకుడు సభ్యుని పక్షాన నిలబడడం ధర్మమే. కాని సభ్యుని బండి కింద పడి చనిపోయినవారి ప్రాణానికి ఖరీదు కట్టి నవ్వేది మాత్రం కార్మిక సంఘం కాజాలదు. ఆ నవ్వు మనలో ఎవరి నోటనైనా, ఎప్పుడైనా వినిపించినదా అని ప్రతి సంఘమూ తనను తాను పరీక్షించుకోవాలి.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో వెంబడింపుల మూలంగా జరిగిన ప్రమాదాలలో 1996 నుండి 2015 వరకు ఏడువేల మందికి పైగా మరణించినట్లు ఆ దేశపు న్యాయశాఖ గణాంకాలు చెబుతున్నవి. సగటున రోజుకు ఒకరు. వారిలో పారిపోయేవారే కాక దారిన పోయేవారు, పోలీసులు కూడ ఉన్నారు.

సియాటిల్ నగరమున్న వాషింగ్టన్ రాష్ట్రం 2021లో కఠినమైన చట్టం చేసి, తీవ్రమైన నేరాలకు తప్ప వెంబడించరాదన్నది. దొంగలు పెరిగిపోతున్నారన్న ఒత్తిడి మీద 2023లో, మరల 2024లో ఆ కట్టుబాటును సడలించినది. ఎవరిని వెంబడించవచ్చు అన్నదానిపై అక్కడ వాదం ఇంకను ఉన్నది. కాని రెండు షరతులు నిలిచి ఉన్నవి. వెంబడించే అధికారి అత్యవసర డ్రైవింగు కోర్సు పూర్తి చేసి ఉండాలి. పర్యవేక్షించే పై అధికారికి వెంటనే తెలియజేసి అతని అదుపులో ఉండాలి. రాజకీయ గాలి ఎటు వీచినా శిక్షణ, అనుమతి అనే రెండు స్తంభాలను మాత్రం ఎవరూ పెకలించలేదన్నది గమనించదగిన విషయం.

బ్రిటనులో చరిత్ర ఇంకను పాతది. పోలీసు బండ్ల ప్రమాదాలు ఎక్కువగుచున్నవని 1930లలోనే లండన్ పోలీసులు హెండన్‌లో డ్రైవింగు పాఠశాల నెలకొల్పారు. అక్కడి బోధన ఆధారంగా వెలువడిన 'రోడ్‌క్రాఫ్ట్' అనే పుస్తకం 1955 నుండి పాఠ్యగ్రంథంగా ఉన్నది. అక్కడి అభ్యాసాలలో ఒకటి వింటే మీరు నవ్వుకుంటారు. డ్రైవరు తాను చూస్తున్న ప్రతిదానిని బిగ్గరగా చెబుతూ బండి నడపాలి. ఎడమ ప్రక్క బడి ఉన్నది, ఆగిన బస్సు ముందు నుండి పిల్లవాడు రావచ్చును, రోడ్డు తడిగా ఉన్నది, ఇట్లా. మన సిగ్నలు పిలుపు వంటిదే అది. అందరికీ ఒకే స్థాయి అనుమతి అక్కడ లేదు. మామూలు గస్తీకి ఒకటి, అత్యవసర పిలుపుకు మరొకటి, వెంబడింపుకు వేరొకటి. వెంబడింపు మొదలైన వెంటనే కంట్రోల్ రూముకు చెప్పి అనుమతి పొందాలి. కంట్రోల్ రూము మానమంటే మానాలి. బండిలోని మనిషి రక్తం వేడెక్కి ఉంటుంది. అందుచేత నిర్ణయం చల్లగా కూర్చున్న మనిషి చేతిలో పెట్టారు.

మరొక సంగతి మనకు మరింత దగ్గరిది. అక్కడి పోలీసులకు సమ్మె హక్కు లేదు. 1919 చట్టం కింద ఏర్పడిన పోలీసు ఫెడరేషను వారి తరఫున మాట్లాడుతుంది. శిక్షణ పొంది నిబంధన ప్రకారం నడిపిన పోలీసు డ్రైవరును మామూలు డ్రైవరు కొలబద్దతో కొలిచి దోషిని చేయడం అన్యాయమని ఆ ఫెడరేషను ఏళ్ల తరబడి ఉద్యమించినది. 2022లో చట్టం మారినది. అంతే శిక్షణ పొందిన జాగరూకుడు, సమర్థుడు అయిన పోలీసు అదే పరిస్థితిలో ఎట్లా నడుపునో దానితో పోల్చి చూడవలెనని అందులో ఉన్నది. దీనిలోని కిటుకు గ్రహించండి. రక్షణ శిక్షణకు ముడిపడి ఉన్నది. శిక్షణ లేనివానికి ఆ రక్షణ లేదు. అందువలన శిక్షణ ఇప్పించమని అడగడం ఉద్యోగికీ లాభం, ప్రజలకూ లాభం.

మన దేశంలో

మన దేశంలో 2022 సంవత్సరంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది కాలినడకన పోయేవారు. మరణాలలో నూటికి 71 పాళ్లకు అతివేగమే కారణమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క తేల్చినది. ఇట్టి దేశంలో వేగానికి మినహాయింపు ఇవ్వడమంటే చిన్న విషయం కాదు.

2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనలు అగ్నిమాపక, ఆంబులెన్సు, పోలీసు వాహనాలకు దారి ఇవ్వాలన్నవి. మిక్కిలి అత్యవసరమైనప్పుడు, తగిన జాగ్రత్తతో, సైరన్ దీపాలు పనిచేస్తుండగా మాత్రమే ఎర్రదీపం దాటవచ్చును, పరిమితి మించవచ్చును అన్నవి. మంచిదే. కాని "మిక్కిలి అత్యవసరం" అన్నది ఆ క్షణంలో ఎవరు నిర్ణయించాలి? డ్రైవరా? ప్రక్కన కూర్చున్న అధికారియా? కంట్రోల్ రూమా? నిర్ణయించినవారి పేరు ఎక్కడ నమోదు కావాలి? ఇది ప్రతి ఠాణాలో గోడమీద వ్రాసి ఉండవలసిన విషయం.

వ్రాసి లేనప్పుడు ఏమి జరుగునో చూచితిమి. 2018 మార్చిలో తమిళనాడులోని తిరుచ్చి దగ్గర హెల్మెట్ తనిఖీలో ఆగలేదని ఒక దంపతుల మోటారు సైకిలును ఒక ఇన్‌స్పెక్టరు వెంబడించి కాలితో తన్నాడు. ఇల్లాలు క్రింద పడి మరణించినది. ఇన్‌స్పెక్టరును అరెస్టు చేశారు. తలకు దెబ్బ తగలకూడదని చేసిన చట్టాన్ని అమలు చేయబోయి ప్రాణం తీశారు. 2019లో కేరళ హైకోర్టు హెల్మెట్ లేనివారిని వెంబడించి పట్టుకోరాదని, కెమెరాల వంటి సాధనాలు వాడుకోవాలని స్పష్టంగా చెప్పినది.

ఇక డ్రైవరు మీద పడే శిక్ష సంగతి. నిర్లక్ష్యం వలన మరణం కలిగితే పాత శిక్షాస్మృతిలో రెండేళ్ల దాకా ఖైదు ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఐదేళ్ల దాకా ఉన్నది. ప్రమాదం చేసి పారిపోతే పదేళ్లు అనే నిబంధన మీద 2024 జనవరిలో దేశమంతటా లారీ డ్రైవర్లు బండ్లు ఆపివేశారు. ఆ ఒక్క నిబంధనను ప్రభుత్వం అమలులో పెట్టక నిలిపి ఉంచినది. ఆనాడు పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన మనకు డ్రైవరు భయమేమిటో కొంత తెలిసినది. పోలీసు జీపు డ్రైవరుకు ఆ శిక్షా ఉన్నది, సమ్మె చేసే దారి మాత్రం లేదు.

దొంగ తప్పించుకుపోడా?

ఇంత వినిన తరువాత ఎవరికైనా కలిగే సందేహం ఇది. వెంబడించవద్దంటే ప్రతి దొంగా బండి ఎక్కి పారిపోడా అని.

వెంబడించవద్దని మేము అనడం లేదు. పసిబిడ్డను ఎత్తుకుపోతుంటే, ఆయుధంతో మనుషులను చంపుతూ పోతుంటే వెంబడించవలసినదే. శిక్షణ గల డ్రైవరు, అనుమతితో, రికార్డులో ఉండేటట్లు వెంబడించాలి. కాని కాగితాలు చూపక పోయినవాని కోసం, హెల్మెట్ లేని కుర్రవాని కోసం, బజారులో వందమంది ప్రాణాలను పందెం పెట్టడం తగదు. బండి నంబరు ఉన్నది. కెమెరా ఉన్నది. టోల్ గేటు ఉన్నది. వైర్‌లెస్ ఉన్నది. ఖరగ్‌పూర్ ప్రక్కగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి బాలేశ్వరం, భువనేశ్వరం దాటి శ్రీకాకుళం, విశాఖ, విజయవాడల మీదుగా మద్రాసు చేరుతుంది. ఆ దారి పొడవునా ఠాణాలున్నవి. ముందున్న ఠాణాకు ఒక్క మాట చెబితే అయ్యే పనికి జనం నడుమ పరుగుపందెం అక్కరలేదు. ఇవాళ తప్పించుకున్న దొంగ రేపు దొరుకుతాడు. ఇవాళ పోయిన ప్రాణం ఎన్నటికీ రాదు.

అలసట మాట కూడ చెప్పవలెను. 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె కట్టి పది గంటల డ్యూటీ మాట సాధించుకున్నారు. దాని వెనుక జీతపు లెక్క కంటె నిద్రమత్తు కన్ను సిగ్నలును చూడలేదన్న అనుభవం ఉన్నది. పగలంతా బందోబస్తులో నిలబడి రాత్రి స్టీరింగు పట్టిన కానిస్టేబులు కన్ను వేరే రకం కన్ను కాదు.

మేము కోరేది

పై విషయాలన్నింటిని దృష్టిలో ఉంచుకుని ఈ క్రింది కోర్కెలను మీ ముందుంచుతున్నాము.

1. అత్యవసర డ్రైవింగులో ప్రత్యేక శిక్షణ పొంది పరీక్షలో నెగ్గినవారికే సైరన్ గల వాహనం అప్పగించాలి. రెండేళ్లకొకసారి రిఫ్రెషర్ కోర్సు, కంటి పరీక్ష ఉండాలి. గస్తీ, అత్యవసర పిలుపు, వెంబడింపు అనే మూడింటికి వేర్వేరు అర్హత పత్రాలు ఉండాలి.

2. వెంబడింపుకు కంట్రోల్ రూము అనుమతి తప్పనిసరి కావాలి. అనుమతి ఇచ్చినవారి పేరు, సమయం, కారణం నమోదు కావాలి. ప్రక్క సీటులోని అధికారి నోటిమాటను అనుమతిగా పరిగణించరాదు.

3. ప్రాణహాని ఉన్న నేరాలకు తప్ప వెంబడింపు జరగరాదు. ట్రాఫిక్ ఉల్లంఘనలకు నంబరు చూసి నోటీసు పంపాలి.

4. ప్రమాదమని తోచినప్పుడు వేగం తగ్గించే, మానుకునే హక్కు డ్రైవరుకు ఉండాలి. మానుకున్నందుకు మెమో, బదిలీ, శిక్ష ఉండరాదు.

5. టైర్లు, బ్రేకులు సరిగా లేని బండిని నిరాకరించే హక్కు ఉండాలి. డ్యూటీ గంటలకు హద్దు ఉండాలి.

6. హోంగార్డులతో నడిపించినట్లయితే వారికి అదే శిక్షణ, అదే బీమా, సమానమైన వేతనం ఇవ్వాలి.

7. పోలీసు వాహనం వలన మరణం సంభవించిన ప్రతిసారి రైల్వే భద్రతా కమిషనర్ వంటి స్వతంత్ర అధికారి విచారణ జరపాలి. డ్రైవరుతో పాటు శిక్షణ ఇవ్వనివారిని, ఆజ్ఞ ఇచ్చినవారిని కూడ విచారించాలి. నివేదిక ప్రజలకు అందాలి.

సహ కార్మికులారా,

ఈ ఊరిలో మన పెద్దలు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చి, నూరేళ్ల క్రితమే సంఘం కట్టుకున్నారు. ఆనాటి పోరాటాలకు నాయకత్వం వహించిన తెలుగువాడు వి. వి. గిరి తరువాత రాష్ట్రపతి అయినారు. ఆయన పేరు ఇక్కడి గిరి మైదాన్ స్టేషను బోర్డు మీద ఇంకను ఉన్నది. ఆ పెద్దలు కోరినవి కూలిరేట్లు మాత్రమే కావు. పనిలో మనిషి చావకూడదని కూడ కోరారు. ఆ కోర్కెకు మనము ఇంకొక అడుగు చేర్చవలసి ఉన్నది. మన పని మూలంగా దారిన పోయే మనిషి కూడ చావకూడదు.

ప్రారంభంలో మమ్మల్ని ప్రశ్నించిన పెద్దాయనకు మా సమాధానం ఇది. అయ్యా, మనమీద లాఠీ ఎత్తినవారిని మేము మరచిపోలేదు. హిజ్లీలో నిలబడి మరచిపోవడం సాధ్యం కాదు. కాని ఆ జీపు డ్రైవరుకు ఒక కాగితం, ఒక కోర్సు, "ఆపుతాను" అని చెప్పగలిగే ఒక హక్కు సంపాదించిపెడితే బ్రతికేది అతనొక్కడే కాదు. రాత్రిపూట పని ముగించుకుని రోడ్డు దాటే మన పిల్లలు బ్రతుకుతారు. ఈ కోర్కెలను మీ మీ శాఖలలో చర్చించి, తీర్మానాలుగా చేసి, రాష్ట్ర ప్రభుత్వాలకు పంపవలసినదిగా కోరుతున్నాము.

సెలవు.